నూటికి నూటపదమూడు: ఒక దిగుబడి లెక్క వెనుక దొరికిన తప్పు

డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థుల రికార్డు పుస్తకాలు దిద్దుతున్నాను. ఆస్పిరిన్ తయారీ ప్రయోగం. ఒక పుస్తకంలో దిగుబడి, అంటే లెక్క ప్రకారం రావాల్సిన దానిలో చేతికొచ్చినది, 113.5 శాతం అని ఉంది. దాని కిందనే ఉన్న పుస్తకంలో 21.5 శాతం. ఇద్దరూ పక్కపక్క బల్లల దగ్గర, ఒకే సీసాల్లోని రసాయనాలతో, ఒకే రోజు చేసిన ప్రయోగం అది. రెండు పుస్తకాల్లోనూ గుణకారాలు, భాగహారాలు ఎక్కడా తప్పలేదు.

మొదటి పుస్తకం రాసిన అమ్మాయి తరగతిలో ముందుండే విద్యార్థిని. ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివింది, లెక్కల్లో చురుకు. ఈ కేసు ప్రధానంగా ఆమెది. రెండో పుస్తకం అబ్బాయిది. అతని పొరపాటు పది నిమిషాల్లో తేలిపోయింది. ఆమె పొరపాటు బయటపడి, సరిదిద్దుకోవడానికి నాలుగు ల్యాబ్ తరగతులు పట్టింది. కారణం ఒక్కటే: లిమిటింగ్ రియేజెంట్ (చర్యలో ముందు అయిపోయి, ఉత్పత్తి ఎంత రావాలో తేల్చే పదార్థం) ఏదన్న ప్రశ్నకు ఆమె రాసిన జవాబు సరైనదే.

ఆ రోజు బల్ల మీద జరిగింది

ఒక్కొక్కరికి 2.00 గ్రాముల సాలిసిలిక్ ఆమ్లం, 5 మిల్లీలీటర్ల ఎసిటిక్ అన్‌హైడ్రైడ్, ఐదారు చుక్కల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఇచ్చాం. పొడిగా ఉన్న శంఖాకార కుప్పెలో కలిపి, వేడినీటి తొట్టిలో పావుగంట ఉంచి, చల్లార్చి, ఐసు నీళ్లు పోసి, దిగిన తెల్లని స్ఫటికాలను బుక్నర్ గరాటులో వడకట్టాలి. సమీకరణం ఒకటికి ఒకటి: ఒక మోల్ సాలిసిలిక్ ఆమ్లం, ఒక మోల్ ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ కలిస్తే ఒక మోల్ ఆస్పిరిన్, ఒక మోల్ ఎసిటిక్ ఆమ్లం వస్తాయి.

మోల్ అంటే అణువులను లెక్కపెట్టే కొలత. గ్రాములను అణుభారంతో భాగిస్తే మోల్‌లు వస్తాయి. సాలిసిలిక్ ఆమ్లం అణుభారం 138.12. కాబట్టి 2.00 గ్రాములంటే 0.0145 మోల్. అన్‌హైడ్రైడ్ సాంద్రత 1.08, అంటే 5 మిల్లీలీటర్లు 5.40 గ్రాములు. దాని అణుభారం 102.09తో భాగిస్తే 0.0529 మోల్. అవసరమైన దానికి మూడున్నర రెట్లకు పైగా ఉంది. కనుక సాలిసిలిక్ ఆమ్లమే ముందు అయిపోతుంది. ఆస్పిరిన్ అణుభారం 180.16తో లెక్కిస్తే సైద్ధాంతిక దిగుబడి, అంటే ఏమీ పోకుండా వస్తే రావాల్సిన బరువు, 2.61 గ్రాములు.

అన్‌హైడ్రైడ్ అంత ఎక్కువ పోయడం వృథా కాదు. అదే ద్రావణిగా కూడా పనిచేస్తుంది. కుప్పెలో ఏమాత్రం తడి ఉన్నా కొంత అన్‌హైడ్రైడ్ నీటితో కలిసి ఎసిటిక్ ఆమ్లంగా మారిపోతుంది, ఆ నష్టాన్నీ అదనం పూరిస్తుంది. ఈ సంగతి విద్యార్థులకు ముందే చెప్పి తీరాలి. చెప్పకపోతే ‘ఎక్కువ పోసినదే ముఖ్యమైనది’ అనుకుంటారు.

ఆ అబ్బాయి సరిగ్గా అలాగే అనుకున్నాడు. 0.0529 మోల్ అన్‌హైడ్రైడ్ నుంచి 9.53 గ్రాముల ఆస్పిరిన్ రావాలని లెక్కించి, తనకు వచ్చిన 2.05 గ్రాములను దానితో భాగించాడు. ప్రయోగం పాడైపోయిందని దిగులుగా ఉన్నాడు. ఒకే ప్రశ్న అడిగాను: “కుప్పెలో నువ్వు వేసినవన్నీ కలిపితే ఎంత బరువు?” రెండూ కూడాడు. 7.40 గ్రాములు. కాసేపు ఆ అంకె వంక చూసి, “ఏడున్నర కూడా లేనిచోట తొమ్మిదిన్నర ఎలా వస్తుంది మేడమ్?” అని అతనే అన్నాడు. సరైన ఆధారంతో లెక్కిస్తే అతని దిగుబడి 78.6 శాతం. చక్కటి ఫలితం. సైద్ధాంతిక దిగుబడి రాయగానే దాన్ని క్రియాజనకాల (చర్య కోసం కలిపిన పదార్థాల) మొత్తం బరువుతో పోల్చి చూడమని ఆ రోజు నుంచి అందరికీ చెబుతున్నాను. అన్ని తప్పులనూ అది పట్టదు కానీ, ఈ రకం తప్పును వెంటనే పడుతుంది.

ఆ అమ్మాయి సైద్ధాంతిక దిగుబడి 2.61 అనే రాసింది. వచ్చినది 2.96 గ్రాములు, కనుక 113.5 శాతం. స్ఫటికాలను వడపోత కాగితంతో సహా చేత్తో తాకి చూశాను, చల్లగా తగిలాయి. తడి ఆరలేదు. తడి ఆరబెట్టే మూత పాత్ర డెసికేటర్‌లో పెట్టించి మర్నాడు తూయిస్తే 2.11 గ్రాములు, 80.9 శాతం. ఆమె 113.5ను కొట్టేసి 80.9 రాసింది. అక్కడితో కేసు ముగిసిందనే అనుకున్నాను.

పుస్తకం తిరిగి ఇస్తూ అలవాటుగా అడిగాను: “సాలిసిలిక్ ఆమ్లమే లిమిటింగ్ రియేజెంట్ అని ఎలా తేల్చావు?”

“అది 2 గ్రాములే ఉంది కదా మేడమ్, రెండోది 5.4 గ్రాములు. తక్కువ ఉన్నదే కదా ముందు అయిపోయేది?”

‘తక్కువ’ అన్న మాట

ఆమె మోల్‌లను లెక్కించింది. పుస్తకంలో 0.0145, 0.0529 రెండూ ఉన్నాయి. కానీ నిర్ణయం వాటిని చూసి తీసుకోలేదు. గ్రాములను చూసి ముందే తేల్చుకుని, మోల్‌లు అడుగుతారు కాబట్టి తర్వాత రాసింది.

ఆ రాత్రి కూర్చుని నేను ఇస్తూ వచ్చిన లెక్కలన్నీ తిరగేశాను. ఆస్పిరిన్ ప్రయోగంలో గ్రాములు తక్కువ ఉన్నదీ సాలిసిలిక్ ఆమ్లమే, మోల్‌లు తక్కువ ఉన్నదీ అదే, నిజంగా ముందు అయిపోయేదీ అదే. మూడు దారుల్లో ఏ దారిన వెళ్లినా ఒకే ఊరు చేరతారు. విద్యార్థి ఏ దారిన వచ్చాడో ఆ ప్రయోగం చెప్పలేదు. నేను ఇచ్చిన రాత లెక్కల్లోనూ ఎక్కువ భాగం ఇంతే. నైట్రోజన్, హైడ్రోజన్‌ల నుంచి అమోనియా వచ్చే లెక్కలో 50 కిలోల నైట్రోజన్, 10 కిలోల హైడ్రోజన్ ఇస్తే, హైడ్రోజన్‌కే మోల్‌లు ఎక్కువ. అయినా అదే ముందు అయిపోతుంది, ఎందుకంటే ఒక మోల్ నైట్రోజన్‌కు మూడు మోల్‌ల హైడ్రోజన్ కావాలి. మోల్‌లను మాత్రమే పోల్చేవారిని ఈ లెక్క పట్టేస్తుంది. కానీ గ్రాములను పోల్చేవారిని వదిలేస్తుంది, ఎందుకంటే 10 కిలోలు 50 కిలోల కన్నా తక్కువ.

పైగా ఆ మాట ఆమె సొంతం కాదు. ‘లిమిటింగ్ రియేజెంట్ అంటే తక్కువ ఉన్నది’ అని తరగతిలో చెప్పింది నేనే. ఏళ్లుగా అలాగే చెబుతున్నాను. తెలుగులో ఆ మాట హాయిగా పలుకుతుంది, సులువుగా గుర్తుంటుంది. కానీ దేనిలో తక్కువ? బరువులోనా, లెక్కలోనా, అవసరంతో పోల్చితేనా? నా మనసులో మూడోది ఉంది. వినేవారికి మొదటిది చేరింది. పుస్తకాల్లో ఉండే ‘పరిమిత కారకం’ అన్న పదమూ ఈ విషయంలో పెద్దగా ఆదుకోదు, పరిమితంగా ఉన్నది అంటే కొంచెమే ఉన్నది అనే అర్థమే ముందు తోస్తుంది. ఆ వారం నుంచి ‘తక్కువ ఉన్నది’ అనడం మానేసి ‘ముందు అయిపోయేది’ అంటున్నాను.

మైలుతుత్తం, ఇనుప రజను

మాట మార్చితే చాలదు, కంటికి కనబడాలి. తర్వాతి ల్యాబ్‌లో బోర్డో మిశ్రమానికి రైతులు వాడే మైలుతుత్తాన్నే (కాపర్ సల్ఫేట్) ఎంచుకున్నాను. 5.00 గ్రాముల మైలుతుత్తం నీటిలో కరిగించి, అందులో 1.50 గ్రాముల ఇనుప రజను వేయాలి. ఇనుము కరిగి ద్రావణంలోకి వెళుతుంది, రాగి బయటకు వస్తుంది. ఇదీ ఒకటికి ఒకటే.

వేయకముందే అడిగాను, ఏది ముందు అయిపోతుందని. “ఇనుము” అంది ఆమె, తడుముకోకుండా. ఒకటిన్నర గ్రాములే కదా.

“సరే. ఇనుము అయిపోయి మైలుతుత్తం మిగిలితే బీకరు ఎలా కనిపించాలి?”

“నీలం రంగు మిగలాలి. అడుగున రాగి మాత్రమే ఉండాలి.”

“మైలుతుత్తం ముందు అయిపోతే?”

“నీలం పోవాలి. ఇనుము మిగలాలి.”

ఈ రెండు వాక్యాలనూ పుస్తకంలో రాయించాకే రజను వేయించాను. వేడి చేస్తూ కలుపుతుంటే అరగంటలో నీలం పలచబడి, చివరికి లేత ఆకుపచ్చ మిగిలింది. అడుగున ఎర్రమట్టి రంగు రాగి, దాని మధ్య నల్లని రజను. బీకరు బయట అయస్కాంతం ఆనించగానే ఆ నల్లని రేణువులు గాజు వెంట పైకి పాకాయి. వడకట్టిన నీటిలో కొంచెం అమోనియా ద్రావణం పోశాం. రాగి మిగిలి ఉంటే ముదురు నీలం రావాలి. రాలేదు. మురికి ఆకుపచ్చ అవక్షేపం వచ్చింది, అది ఇనుముది. ఆమె తాను రాసిన రెండు వాక్యాల వంక, బీకరు వంక మార్చి మార్చి చూసింది.

ఇప్పుడు లెక్క. రజను 1.50 ను 55.85తో భాగిస్తే 0.0269 మోల్. మైలుతుత్తం 5.00 గ్రాములను ఆమె 159.6తో భాగించి 0.0313 మోల్ అంది. “మేడమ్, మోల్‌ల ప్రకారం చూసినా ఇనుమే ముందు అయిపోవాలి. మరి బీకరు ఎందుకలా చూపిస్తోంది?”

ఈ ప్రశ్న కోసమే ఈ ప్రయోగాన్ని ఎంచుకున్నానని చెప్పలేను, కానీ ఇంతకంటే మంచి ప్రశ్న రాదు. బీకరు ఒకటి చెబుతోంది, కాగితం మరొకటి చెబుతోంది. అలాంటప్పుడు కాగితాన్నే అనుమానించాలి. సీసా తెచ్చి చీటీ చదవమన్నాను. పెంటాహైడ్రేట్. ప్రతి కాపర్ సల్ఫేట్‌తోనూ ఐదు నీటి అణువులు ఉన్నాయి, మనం తూచిన 5 గ్రాముల్లో ఆ నీరూ ఉంది. నీరు లేని కాపర్ సల్ఫేట్ అణుభారం 159.6 కాదు, 249.69 వేయాలి. అప్పుడు 0.0200 మోల్. ఇనుము 0.0269. మైలుతుత్తమే ముందు అయిపోయేది, బీకరు చెప్పినదే నిజం. మిగలాల్సిన ఇనుము 0.38 గ్రాములు, మిగలాల్సిన నీలం సున్నా.

రాగి సైద్ధాంతిక దిగుబడి 1.27 గ్రాములు. మిగిలిన ఇనుమును సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, బుడగలు ఆగేదాకా ఉంచి కరిగించి, కడిగి, ఆరబెట్టి తూస్తే 1.18 గ్రాములు వచ్చింది. 92.8 శాతం. ఇనుమే ఆధారం అనుకుని లెక్కిస్తే ఇదే రాగి 69 శాతంగా కనిపించేది. మంచి పనిని పేలవమైనదిగా చూపించేది.

తాంబూలాలు

గ్రాముల పిచ్చి వదిలింది. దాని స్థానంలో ఇంకొకటి వచ్చే ప్రమాదం ఉంది: మోల్‌లు తక్కువ ఉన్నదే ముందు అయిపోతుందని. ఒకటికి ఒకటి సమీకరణాలతో దాన్ని పట్టుకోలేం. తర్వాతి తరగతిలో బోర్డు మీద రాశాను: 2 అల్యూమినియం + 3 కాపర్ క్లోరైడ్ → 2 అల్యూమినియం క్లోరైడ్ + 3 రాగి. అల్యూమినియం రేకు 0.27 గ్రాములు, కాపర్ క్లోరైడ్ డైహైడ్రేట్ 2.05 గ్రాములు.

ఈసారి ఆమె సీసా చీటీ చదివి, 170.48తో భాగించింది. అల్యూమినియం 0.0100 మోల్, కాపర్ క్లోరైడ్ 0.0120 మోల్. “అల్యూమినియం” అంది. బరువులోనూ తక్కువ, మోల్‌లలోనూ తక్కువ.

నేను అది శ్రావణ మాసం అని గుర్తుచేశాను. వాళ్లింట్లో వరలక్ష్మీ వ్రతం చేస్తారు, పేరంటాలకు తాంబూలాలు సర్దేది ఆమే. ఒక్కో తాంబూలంలో రెండు తమలపాకులు, ఒక వక్క, రెండు అరటిపళ్లు పెడతారు. “నలభై ఆకులు, పాతిక వక్కలు, అరవై పళ్లు ఉన్నాయి. ఎన్ని తాంబూలాలు వస్తాయి?”

“ఇరవై” అంది వెంటనే. “ఆకులు అయిపోతాయి.”

“వక్కలు పాతికే కదా, ఆకులు నలభై ఉన్నాయి?”

“ఒక్కోదానికి రెండు ఆకులు కావాలి కదా మేడమ్...” అంటూ ఆగి, బోర్డు మీద అల్యూమినియం ముందున్న 2ను, కాపర్ క్లోరైడ్ ముందున్న 3ను చూసింది. తర్వాత నేనేమీ చెప్పలేదు. ఆమే చాక్‌పీసు తీసుకుంది. ఉన్న 0.0100 మోల్ అల్యూమినియం మొత్తం ఖర్చు కావాలంటే కాపర్ క్లోరైడ్ ఎంత కావాలి? ఒకటిన్నర రెట్లు, 0.0150. ఎంత ఉంది? 0.0120. చాలదు. కాబట్టి కాపర్ క్లోరైడ్ ముందు అయిపోతుంది, రాగి 0.0120 మోల్ వస్తుంది, 0.764 గ్రాములు. ఆమె మొదట అన్నట్టు అల్యూమినియాన్ని ఆధారంగా తీసుకుంటే 0.954 అయ్యేది.

మోల్‌లను సమీకరణంలోని అంకెతో భాగించి, ఏది చిన్నదైతే అదే జవాబు అనే అడ్డదారి చాలామంది నేర్పుతారు. 0.0100ను 2తో, 0.0120ను 3తో భాగిస్తే 0.0050, 0.0040 వస్తాయి, జవాబు సరిగ్గానే వస్తుంది. పోటీ పరీక్షల్లో సమయం కలిసొస్తుంది కూడా. నేను మాత్రం దాన్ని ముందు నేర్పను. అది మళ్లీ ‘తక్కువ ఉన్నది’ అనే పద్ధతే, ఎందుకు భాగిస్తున్నామో తెలియకుండా చేసే పని. ‘ఎంత కావాలి, ఎంత ఉంది’ అని రెండు గళ్లు గీసుకుని నింపడం వచ్చాక, ఆ అడ్డదారిని వాళ్లే కనిపెడతారు. ఆమె రెండు వారాల్లో కనిపెట్టింది.

106 శాతం

అదే ప్రయోగాన్ని ల్యాబ్‌లో చేయించాను. రేకును ముక్కలుగా చించి నీలాకుపచ్చ ద్రావణంలో వేస్తే వేడెక్కుతుంది, బుడగలు వస్తాయి, రేకు మీద ఎర్రని రాగి పొరలు పొరలుగా పేరుకుంటుంది. లెక్క ప్రకారం 0.05 గ్రాముల అల్యూమినియం మిగలాలి. మిగిలినది అంతకన్నా తక్కువ, కొన్ని చిన్న తునకలే. ఆ బుడగలే కారణం: అవి హైడ్రోజన్, అంటే కొంత అల్యూమినియం రాగితో సంబంధం లేకుండా వేరే చర్యలో ఖర్చవుతోంది. రాగి దిగుబడికి దాని వల్ల నష్టం లేదు, ఎందుకంటే అల్యూమినియం అదనంగా ఉంది. ఆ రోజు అల్యూమినియమే ముందు అయిపోయేది అయ్యుంటే ప్రతి బుడగా దిగుబడిని తగ్గించేది. ఏ పదార్థాన్ని అదనంగా తీసుకోవాలన్నది ఇలాంటి పక్క చర్యలను చూసి నిర్ణయిస్తారు.

ఆమెకు వచ్చిన బరువు 0.81 గ్రాములు. 106 శాతం. నేను పుస్తకం చూసేసరికే దాని కింద ఆమె చేతిరాతలో ఉంది: ‘100 దాటింది కాబట్టి ఇది స్వచ్ఛమైన రాగి కాదు. తడి ఉండాలి, లేదా ఇంకేదో కలిసి ఉండాలి.’ ఆస్పిరిన్ రోజున 113.5 శాతాన్ని గళ్లలో చక్కగా రాసి, చుట్టూ గీత గీసి ఇచ్చిన అమ్మాయి ఈ వాక్యం రాసింది. ఈ కేసులో నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే.

తడి కాదు. తొందరలో హాట్ ప్లేట్ మీద ఆరబెట్టింది. పళ్లెంలో పొడి అంచులు నల్లబడ్డాయి. వేడి రాగి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కాపర్ ఆక్సైడ్ అయింది. 63.55 గ్రాముల రాగి పూర్తిగా ఆక్సైడ్‌గా మారితే 79.55 గ్రాములు అవుతుంది, పావు వంతు బరువు పెరుగుతుంది. తర్వాతి వారం మళ్లీ చేసి, నీటితో కడిగి, ఆపైన ఎసిటోన్‌తో కడిగి, గాలికే ఆరబెట్టింది. 0.70 గ్రాములు, 91.6 శాతం, రంగు కూడా కొత్త రాగి చెంబులా ఉంది.

తిరిగి ఆస్పిరిన్ దగ్గరకు

చివరి తరగతిలో పాత పుస్తకం తెరిపించాను. 80.9 శాతం సరే, మిగిలిన 19 శాతం ఎక్కడికి పోయింది? ఇప్పుడు ఆమె వెతికే తీరు మారింది. కడగడానికి ఎన్ని నీళ్లు పోశావంటే, స్ఫటికాలు బాగా తెల్లబడాలని దాదాపు వంద మిల్లీలీటర్లు పోశానంది, ఐసు అయిపోయాక మామూలు నీళ్లు. ఆస్పిరిన్ 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 3 గ్రాములు కరుగుతుంది. వంద మిల్లీలీటర్లలో 0.3 గ్రాముల దాకా పోవచ్చు. 2.61లో అది తొమ్మిదో వంతు కన్నా కాస్త ఎక్కువే. నష్టంలో సగానికి పైగా తొట్టిలోకి పోయి ఉండవచ్చన్నమాట.

ఆ 2.11 గ్రాములూ ఆస్పిరినేనా? ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేస్తే లేత ఊదా రంగు వచ్చింది, కొంచెం సాలిసిలిక్ ఆమ్లం మిగిలి ఉందని అర్థం. ద్రవీభవన స్థానం 135 డిగ్రీలు ఉండాలి, 129 నుంచే కరగడం మొదలైంది, అదీ మలినం ఉందనడానికి గుర్తే. అంటే 80.9 శాతం కూడా నిజానికి కొద్దిగా ఎక్కువ చెప్పినట్టే. దిగుబడి అంకె పక్కన ఈ రెండు పరీక్షల ఫలితాలు రాయని రికార్డుకు ఇప్పుడు నేను పూర్తి మార్కులు ఇవ్వడం లేదు.

బల్క్ డ్రగ్ (మందుల్లోని అసలు రసాయనాలు తయారుచేసే) పరిశ్రమలోకి వెళ్లే పిల్లలకు ఇంకొక మాట చెప్పడం అవసరం. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ వంటి చోట్ల ఉత్పత్తి విభాగాల్లో దిగుబడిని తరచూ కిలోకు కిలో లెక్కన చెబుతారు: కిలో ముడిపదార్థానికి ఎన్ని కిలోల ఉత్పత్తి అని. ఆస్పిరిన్‌కు ఆ లెక్కన సైద్ధాంతిక అంకె 1.30, ఎందుకంటే 180.16ను 138.12తో భాగిస్తే అదే వస్తుంది. కిలోకు 1.05 కిలోలు వచ్చాయంటే 105 శాతం కాదు, దాదాపు 81 శాతం. ఇంటర్వ్యూలో ఈ తేడా అడిగితే తడబడ్డామని వచ్చి చెప్పిన పాత విద్యార్థులు ఉన్నారు.

ఆ అమ్మాయి రెండు క్రియాజనకాల లెక్కలు ఇప్పుడు ఎలా తిప్పి ఇచ్చినా చేస్తుంది. మూడు ఇస్తే మాత్రం ఇంకా తడబడుతుంది. రెండింటిని పోల్చి ఒకటి తేల్చుకున్నాక, మూడోదాన్ని మళ్లీ పోల్చడం మరిచిపోతుంది. వచ్చే వారానికి తాంబూలాల లెక్కనే మార్చి ఇచ్చాను: ఆకులు యాభై, వక్కలు ఇరవై మూడు, పళ్లు నలభై నాలుగు.